ఏడొందల మంది సిపాయిలు, ఒక్క డబ్బా వార్నిష్

(హైదరాబాద్‌లో మినియేచర్ గేమ్స్, అంటే చిన్న సిపాయి బొమ్మలతో టేబుల్ మీద యుద్ధాలు, ఆడేవాళ్ళ ఆదివారం కలయికలో, బొమ్మలకి త్వరగా రంగు వేసే డిప్ అనే పద్ధతి గురించి మాట్లాడింది. రికార్డింగ్ విని టైప్ చేశాం, మాటల్ని పెద్దగా సరిదిద్దలేదు.)

వెనకున్నవాళ్ళకి వినపడుతోందా అండీ? సరే. ముందు ఓ లెక్క చెప్తాను, అది విన్నాక ఎవరైనా లేచి వెళ్ళిపోయినా నేనేం అనుకోను.

1758 డిసెంబర్‌లో మన పిఠాపురం దగ్గర చందుర్తిలో ఓ యుద్ధం జరిగింది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని కాండోర్ అని రాసుకున్నారు. బొబ్బిలి యుద్ధం అంటే బుర్రకథల పుణ్యమా అని అందరికీ తెలుసు, అది 1757 జనవరి, ఆ తర్వాత రెండేళ్ళు తిరక్కుండానే జరిగిన ఈ చందుర్తి సంగతి మాత్రం ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకే సరిగ్గా తెలీదు. బొబ్బిలి తర్వాత విజయనగరం రాజు విజయరామరాజు హత్య అయ్యాడు కదా, ఆయన తర్వాత వచ్చిన ఆనంద గజపతిరాజుకి ఫ్రెంచివాళ్ళతో పొసగలేదు, బెంగాల్లో ఉన్న ఇంగ్లీషువాళ్ళకి కబురు పెట్టాడు, క్లైవు కల్నల్ ఫోర్డుని ఓడల మీద విశాఖపట్నం పంపించాడు. అటుపక్క ఫ్రెంచి కమాండరు కాన్‌ఫ్లాన్స్.

ఇప్పుడు లెక్క. ఫోర్డు దగ్గర సుమారు 470 మంది తెల్లవాళ్ళు, 1900 మంది సిపాయిలు. రాజుగారి మనుషులు ఓ 5 వేలు. ఫ్రెంచి వైపు 500 మంది తెల్లవాళ్ళు, 6 వేల మంది సిపాయిలు. మన ఆటల్లో పాతకాలం నించి ఉన్న పద్ధతి ఒక బొమ్మ అంటే ఇరవై మంది మనుషులు. ఆ లెక్కన ఇంగ్లీషు వైపు 24, 95, రాజుగారివి 250, ఫ్రెంచి వైపు 25, 300. కూడండి. 694. ఏడొందలకి ఆరు తక్కువ, అది కూడా గుర్రాలు ఫిరంగులు కలపకుండా.

ఒక్కో బొమ్మని నీట్‌గా, లేయర్లు వేసి, హైలైట్లు, అంటే ఎత్తు చోట్ల లేత రంగు, పెట్టి, కంట్లో చుక్క కూడా పెట్టి రంగు వేస్తే రెండు గంటలు అనుకోండి, అది స్పీడుగా వేసేవాడికి. 1400 గంటలు. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళం, వారానికి ఐదు గంటలు కూర్చుంటే గొప్ప, అంటే 280 వారాలు, ఐదేళ్ళ పైమాటే. అదే బొమ్మకి ఇరవై నిమిషాలు పడితే? 230 గంటలు చిల్లర, ఏడాదిలోపు అయిపోద్ది. ఇవాళ నేను మాట్లాడేదల్లా ఆ రెండు గంటలకీ ఇరవై నిమిషాలకీ మధ్య ఉన్న తేడా గురించే, దాని పేరు డిప్.

డిప్ అంటే ఏంటో తెలీనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో. బొమ్మకి ఎక్కడి రంగు అక్కడ ఫ్లాట్‌గా వేసేస్తారు, కోటుకి ఎరుపు, మొహానికి గోధుమ, అంతే, షేడ్లు లేవు హైలైట్లు లేవు. ఆరాక దాన్ని గోధుమరంగు కలిపిన వార్నిష్‌లో ముంచి తీస్తారు. వార్నిష్ చిక్కగా ఉంటుంది, ఎత్తుగా ఉన్న చోటు నించి జారిపోయి మడతల్లోకి, సందుల్లోకి, వేళ్ళ మధ్యలోకి, ముక్కు పక్కకి పోయి అక్కడ ఆగుతుంది, ఆగిన చోట ముదురుగా కనపడుతుంది, జారిపోయిన చోట కింద వేసిన రంగే లైట్‌గా కనపడుతుంది. అంటే షేడింగ్ మీరు వెయ్యలేదు, బరువు, జిగురు కలిసి వేశాయి. పైగా ఆరాక అది గట్టి పెంకు, మెటల్ బొమ్మల్ని ఒకదానికొకటి తగిలిస్తే తుపాకీ కొనల దగ్గర రంగు ఊడిపోవడం మీ అందరికీ తెలిసిన బాధే, ఆ బాధ దాదాపు పోతుంది.

ఇదేం కొత్తది కాదు. అమెరికాలో మిన్‌వ్యాక్స్ అనే కంపెనీ పాలీషేడ్స్ అని చెక్క సామానుకి వేసే స్టెయిన్, పాలీయురేథేన్ వార్నిష్ రెండూ ఒకే డబ్బాలో కలిపి అమ్మేది, బల్లలకీ తలుపులకీ వేసుకునే సరుకు, అక్కడి వార్‌గేమర్లు దాంట్లో బొమ్మలు ముంచడం మొదలెట్టారు. వేరే కొందరు నేల తుడిచే అక్రిలిక్ పాలిష్‌లో ఇంకు కలిపి దాన్ని మ్యాజిక్ వాష్ అనేవాళ్ళు. 2007లో డెన్మార్క్‌లో, గేమ్స్ వర్క్‌షాప్ అనే ఇంగ్లండ్ బొమ్మల ఆటల కంపెనీలో పనిచేసొచ్చిన ఇద్దరు కలిసి ది ఆర్మీ పెయింటర్ అని కంపెనీ పెట్టారు, వాళ్ళు ఈ చెక్క వార్నిష్ సంగతినే తీసుకుని మన బొమ్మల కోసం క్విక్‌షేడ్ అని 250 మిల్లీలీటర్ల డబ్బాలో పెట్టి అమ్మారు. మూడు రకాలు, సాఫ్ట్ టోన్, స్ట్రాంగ్ టోన్, డార్క్ టోన్. లేత గోధుమ, ముదురు గోధుమ, నలుపు అనుకోండి. ఇక్కడో గందరగోళం ఉంది, అదే కంపెనీ అవే పేర్లతో చిన్న డ్రాపర్ సీసాల్లో నీళ్ళలాంటి వాష్‌లు, అంటే నీడ కోసం పైన పూసే పలచటి రంగులు, కూడా అమ్ముతుంది, అవి అక్రిలిక్, నీళ్ళతో పలచబడే రకం. డిప్ అంటే ఆ డబ్బా. ఆర్డర్ పెట్టేటప్పుడు చూసుకుని పెట్టండి.

వాష్‌కీ డిప్‌కీ తేడా ఏంటని ఎప్పుడూ అడుగుతారు. వాష్ నీళ్ళది కాబట్టి తొందరగా ఆరుతుంది, ఆరేటప్పుడు అంచుల్లో మరకలాగా గీత కడుతుంది, సాదా వెడల్పు చోట ఎక్కడపడితే అక్కడ మచ్చలు. డిప్ నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి సర్దుకోడానికి దానికి టైం ఉంటుంది, తనంతట తనే సమంగా పరుచుకుంటుంది. దానికి బదులుగా మీరు ఒకటి రెండు రోజులు ఆగాలి, ఏమీ ముట్టుకోకూడదు. ఓపిక లేనివాళ్ళకి ఇది పనికిరాదు, అదొక్కటే నిజమైన ఇబ్బంది అని నా ఉద్దేశం.

ఇంక అసలు విషయానికొస్తాను. డిప్ సరిగ్గా రాలేదు అని ఫొటో పెట్టేవాళ్ళలో పదిమందిలో తొమ్మిదిమందికి డిప్‌తో గొడవ కాదు, కింద వేసిన రంగుతో గొడవ. డిప్ అన్నిటినీ ఒకటి రెండు మెట్లు ముదురు చేస్తుంది, ఇది రాసి పెట్టుకోండి. మీకు చివర్లో ఎలా కావాలో ఆ రంగే కింద వేస్తే మొత్తం మురిగ్గా, చీకటి గదిలో పెట్టినట్టు వస్తుంది. కాబట్టి ముంచక ముందు బొమ్మ చూస్తే మీకే చిరాకు రావాలి, ఇంత బ్రైట్‌గా ఉందేంటి అనిపించాలి. ప్రైమర్, అంటే రంగులకి ముందు కొట్టే పూత, అది కూడా తెలుపే వాడండి, లేత బూడిద అయినా పర్లేదు, నలుపు వద్దు.

ఎరుపు తీసుకోండి. ఈస్టిండియా కంపెనీ సిపాయిల కోటుకి డబ్బాలో ఉన్న బ్రైట్ ఎరుపు నేరుగా వెయ్యండి. గోధుమ డిప్ పడితే అది బాగా వాడిన ఊలు కోటు రంగులోకి దిగుతుంది, మడతలు స్పష్టంగా కనపడతాయి. అదే ఎరుపు మీద నల్ల డిప్ వేస్తే మెరూన్ అయిపోయి చచ్చిపోతుంది. నీలం కోటుకి మాత్రం నల్లదే బాగుంటుంది, నీలం మీద గోధుమ పడితే బురద. నల్ల టోపీలు నల్ల బూట్లు అయితే నలుపు వెయ్యకండి, ముదురు బూడిద వెయ్యండి, నలుపు మీద డిప్ ఏం కనపడదు, వేసినా వెయ్యకపోయినా ఒకటే.

ఎరుపు గురించి ఇంత సేపు ఎందుకంటే చందుర్తి యుద్ధం తిరిగిందే ఎరుపు కోటు మీద అండి. ఫోర్డు తెల్లవాళ్ళ బెటాలియన్‌ని మధ్యలో పెట్టాడు, రెండు పక్కలా సిపాయిలు. సిపాయిలకి కూడా ఎర్రకోట్లే. మధ్యలో ఉన్న తెల్లవాళ్ళ ముందు ఎత్తుగా పెరిగిన చేను ఉంది, వాళ్ళు కనపడట్లేదు. ఫ్రెంచివాళ్ళు పక్కనున్న ఎర్రకోట్లని చూసి ఇదే ఇంగ్లీషు బెటాలియన్ అనుకుని వాళ్ళ మీదకి పోయారు, సిపాయిలు వెనక్కి తగ్గారు, గెలిచేశాం అనుకుంటూ ముందుకొస్తుంటే చేను చాటునించి అసలు బెటాలియన్ వచ్చి పక్కనించి కాల్చింది. అయిపోయింది. తర్వాతి ఏప్రిల్‌కి మచిలీపట్నం కూడా పోయింది ఫ్రెంచివాళ్ళకి. అందుకే నా టేబుల్ మీద సిపాయిల ఎరుపూ తెల్లవాళ్ళ ఎరుపూ ఒకే సీసాలోది, ఒకే డిప్, మూడడుగుల దూరం నించి చూస్తే తేడా తెలీకూడదు, తెలిస్తే ఆ యుద్ధమే లేదు.

మూడడుగులు అన్నాను కదా. ఇది కొందరికి నచ్చదు కానీ చెప్తాను. ఆర్మీని ఎవరూ చేత్తో పట్టుకుని కంటి దగ్గర పెట్టుకుని చూడరు, టేబుల్ అవతలి నించి చూస్తారు, ముప్పై బొమ్మలు కలిపి ఒక ముద్దగా చూస్తారు. ఆ దూరంలో కనపడేది మూడే, రంగు శుభ్రంగా ఉందా, వెలుగు నీడ తేడా ఉందా, బేస్, అంటే బొమ్మ కాళ్ళ కింద పీట, పూర్తయిందా. కంట్లో చుక్క కనపడదు. కాంపిటిషన్ బొమ్మ వేరు, దానికి నేను కూడా దణ్ణం పెడతాను, కానీ ఏడొందల మందికి ఏడొందల కాంపిటిషన్ బొమ్మలు వేద్దామనుకున్నవాళ్ళ ఇళ్ళల్లో డబ్బాల నిండా ప్రైమర్ కొట్టిన బొమ్మలే ఉంటాయి, చూశాను నేను.

ఒంటి రంగు. ఇది మనం ప్రత్యేకంగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఇంటర్నెట్‌లో ఉన్న గైడ్‌లన్నీ గులాబీ రంగు మొహానికి రాసినవి. గులాబీ మీద గోధుమ డిప్ పడితే ఎండకి కమిలిన తెల్లవాడు వస్తాడు, ఫోర్డు మనుషులకి సరిగ్గా సరిపోతుంది. మన సిపాయిలకి ఏం చెయ్యాలి? చాలామంది ముదురు గోధుమ వేసి మీద డిప్ వేస్తారు, మొహం నల్లటి ఉండలా అయిపోతుంది, ముక్కూ నోరూ మాయం. మీ చెయ్యి మీరే చూసుకోండి, ఆ రంగు కన్నా రెండు మెట్లు లేతగా, కొంచెం నారింజ కొట్టే గోధుమ వెయ్యండి, స్ట్రాంగ్ టోన్ దాన్ని కిందకి లాక్కొస్తుంది. ఇంకోటి, ఒకే గోధుమ అందరికీ వెయ్యొద్దు. మూడు గోధుమలు కలిపి పెట్టుకుని ఒక రెజిమెంట్‌లో అటూ ఇటూ వేస్తే, అది ఐదు నిమిషాల పని, మనుషుల గుంపులా కనపడుతుంది. మీసాలు డిప్ అయ్యాక, వార్నిష్ కూడా అయ్యాక, నల్లగా ఒక్క గీత. మీసం పెట్టగానే బొమ్మకి ప్రాణం వస్తుంది, ఎందుకో నాకు తెలీదు.

రాజుగారి ఐదు వేల మంది ఉన్నారే, వాళ్ళ కోసమే డిప్ కనిపెట్టారా అనిపిస్తుంది. కొందరి చేతిలో ఏవో తుపాకులు, మిగతావాళ్ళవి ఈటెలు, విల్లంబులు. యూనిఫాం లేదు. పంచెలు, తలపాగాలు. తెలుపు, గోధుమ కలిసిన తెలుపు, లేత పసుపు, లేత బూడిద, నాలుగు రకాల తెలుపు చేతికొచ్చింది చేతికొచ్చినట్టు వేసి ముంచెయ్యడమే. తెల్లబట్ట మీద డిప్ మరకలు పడితే మామూలుగా తప్పంటాం, వీళ్ళ మీద మాత్రం చాలా దూరం నడిచొచ్చిన పంచెలా ఉంటుంది. రెండొందల యాభై బొమ్మలు ఎక్కువ ఆలోచించకుండా అయిపోతాయి.

సరే, సరుకు. ఆ విదేశీ డబ్బా ఇక్కడికి తెప్పించుకోడం కష్టం, అది మంటంటుకునే సరుకు, విమానంలో పార్సిల్‌గా మామూలుగా ఒప్పుకోరు, దొరికితే రేటు చూసి కళ్ళు తిరుగుతాయి. అయితే మొదట్లో అమెరికావాళ్ళు వాడింది కూడా చెక్క వార్నిషే కదా, మన దగ్గర లేదా? ఉంది. హార్డ్‌వేర్ షాపుకెళ్ళి ఆయిల్ బేస్ పాలీయురేథేన్ క్లియర్ అడగండి, టర్పెంటైన్‌తో పలచబడేది, డబ్బా మీద రాసుంటుంది. దాంట్లో ఆయిల్ బేస్ స్టెయిన్ వాల్‌నట్ రంగుది కలపండి. స్టెయిన్ దొరక్కపోతే బొమ్మలేసేవాళ్ళ షాపులో ఆయిల్ కలర్ ట్యూబు, క్యామెల్‌ది, బర్న్ట్ అంబర్, కొంచెం టర్పెంటైన్‌లో బాగా కరిగించి అప్పుడు వార్నిష్‌లో కలపండి, నేరుగా పిండితే ఉండలు కడుతుంది. ఎంత కలపాలి అంటే కొలత చెప్పలేను, తెల్ల ప్లాస్టిక్ చెంచా మీద ఒక చుక్క వేసి వంచి చూడండి, జారిన చోట చెంచా తెలుపు కనపడాలి, కింద చేరిన చోట కాఫీ రంగు కనపడాలి.

ఇక్కడ జాగ్రత్త అండి, ఇది వినండి. షాపులో మీరు పాలిష్ కావాలంటే ఆయన మూడు నాలుగు రకాలు చూపిస్తాడు. ఎన్‌సీ లాకర్, ఎన్‌సీ సీలర్ అని ఉంటాయి, వాసన ఘాటుగా, ఎన్‌సీ థిన్నర్‌తో కలిపేవి, కార్పెంటర్లు స్ప్రే కొట్టేవి. అవి వద్దు. ఆ థిన్నర్ మీ అక్రిలిక్ రంగుని లేపేస్తుంది, ప్లాస్టిక్ బొమ్మ అయితే బొమ్మనే కరిగించేస్తుంది. ఇంకోటి లక్క పాలిష్, స్పిరిట్‌లో కరిగించేది, పాత బీరువాలకీ మంచాలకీ వేసేది, అదీ వద్దు, స్పిరిట్ తగిలితే అక్రిలిక్ మెత్తబడి బ్రష్‌తో పాటు వచ్చేస్తుంది. టర్పెంటైన్ ఒక్కటే ఆరిన అక్రిలిక్‌ని ఏం చెయ్యదు. ఏ డబ్బా అయినా పాడైపోయిన ఒక్క బొమ్మ మీద వేసి ఒక రోజు చూసి అప్పుడు రెజిమెంట్ మీదకి వెళ్ళండి. ఎందుకంటే ఈ పాలీయురేథేన్ ఎక్కాక దాన్ని తియ్యడం నరకం, అక్రిలిక్ రంగు నచ్చకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి గీకెయ్యొచ్చు, డిప్ అయిన బొమ్మ అంత తేలిగ్గా లొంగదు.

ఇప్పుడు పద్ధతి, ఇది నిజానికి చిన్నదే. పది పన్నెండు బొమ్మల్ని ఐస్‌క్రీం పుల్లలకి అంటించుకోండి, పుల్లకి నాలుగైదు. ఒక రంగు తీశారంటే ఆ రంగు పన్నెండిటికీ అయిపోవాలి, పన్నెండో దానికొచ్చేసరికి మొదటిది ఆరుంటుంది, అప్పుడు రెండో రంగు. లోపలి నించి బయటికి, ముందు ఒళ్ళు, తర్వాత బట్టలు, తర్వాత బెల్టులు. రంగు అంచులు దాటితే సరిచెయ్యండి, డిప్ కప్పేస్తుందిలే అనుకోవద్దు, చిన్న చిన్నవి కప్పుతుంది, ఎరుపు మొహం మీదకి ఎక్కితే కప్పదు. మొత్తం అయ్యాక ఒక రాత్రి వదిలెయ్యండి.

ముంచడం రెండు రకాలు. నిజంగా ముంచడం, కటింగ్ ప్లయర్‌తో బేస్ పట్టుకుని డబ్బాలో ముంచి, పైకి తీసి కొంచెం కారనిచ్చి, పెద్ద అట్టపెట్టెలో న్యూస్‌పేపర్ పరిచి దాంట్లోకి మణికట్టుతో గట్టిగా విదిలించడం. వీడియోల్లో చాలా హుషారుగా ఉంటుంది. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళకి నేను చెప్పను, బాల్కనీలో విదిలిస్తే కింది ఫ్లోర్ వాళ్ళ ఆరేసిన చీరల మీద చుక్కలు పడతాయి, ఆ మరక జన్మలో పోదు. (నవ్వులు) పైగా ప్లయర్ జారిందంటే బొమ్మ ఎగిరిపోతుంది.

రెండోది బ్రష్‌తో పూయడం, నేను చేసేది ఇదే. డబ్బాని కుదపకండి, కుదిపితే బుడగలు వస్తాయి, పుల్లతో అడుగునించి కలపండి. చిన్న మూతలోకి కొంచెం వంపుకుని పాత బ్రష్‌తో బొమ్మంతా ధారాళంగా పూసెయ్యండి. పూసింది అలా వదిలెయ్యకండి, అసలు పని ఇప్పుడే ఉంది. ఐదు నిమిషాల తర్వాత ఒకసారి, పది నిమిషాలప్పుడు ఒకసారి బొమ్మని తిప్పి చూడండి, చంకల్లో, గడ్డం కింద, కాళ్ళ మధ్య, బేస్ మీద మడుగు కట్టి ఉంటుంది, పొడి బ్రష్ ఆనిస్తే పీల్చేస్తుంది, పేపర్‌కి తుడిచేసి మళ్ళీ ఆనించండి. సాదాగా వెడల్పుగా ఉన్న చోట, గుర్రం వీపు లాంటివి, స్పాంజి ముక్కతో ఒక్కసారి అద్దితే మచ్చ లేకుండా వస్తుంది. ఇరవై నిమిషాలు దాటాక జిగురు మొదలవుతుంది, అప్పుడు ముట్టుకున్నారో దారాలు లాగినట్టు వస్తుంది, ఇంక దాని మొహం చూడకండి. పైన ఒక అట్టపెట్టె బోర్లించి దుమ్ము పడకుండా రెండు రోజులు వదిలెయ్యండి.

రెండో రోజు పెట్టె ఎత్తి చూస్తే మీ గుండె ఆగుతుంది. పాకం పట్టిన కాజాల్లా మెరుస్తూ ఉంటాయి. కొత్తవాళ్ళు సగం మంది ఇక్కడే భయపడి వదిలేస్తారు. అది గ్లాసీ వార్నిష్, అలాగే ఉంటుంది, దాని మీద మ్యాట్, అంటే మెరుపు లేని, వార్నిష్ స్ప్రే పడగానే మొత్తం మారిపోతుంది, అప్పటిదాకా తీర్పు చెప్పకండి. మ్యాట్ స్ప్రే ఒక్కసారే తడిపేసినట్టు కొట్టొద్దు, అడుగు దూరం నించి పలచగా, ఆరాక మళ్ళీ పలచగా. మన దగ్గర దీనికి శత్రువు గాల్లో తేమ. కాకినాడ, విశాఖ లాంటి చోట వానాకాలంలో కొట్టారనుకోండి బొమ్మ మీద తెల్లగా మంచు పట్టినట్టు వస్తుంది, అది రంగులోకి దిగిపోయి కూర్చుంటుంది. ఎండ ఉన్న రోజు, నీడలో, బట్టలు తొందరగా ఆరుతున్నాయంటే మీ స్ప్రేకి కూడా మంచి రోజన్నట్టు. ముసురు పట్టి ఉంటే స్ప్రే మానేసి బ్రష్‌తో పూసే మ్యాట్ వార్నిష్ వాడుకోండి, ఆలస్యం అవుతుందంతే.

మ్యాట్ అయ్యాక పది నిమిషాల పని ఒకటుంది, చాలామంది మానేస్తారు, నా దృష్టిలో డిప్ చేసిన ఆర్మీకీ మంచి ఆర్మీకీ తేడా అదే. గుండెల మీద క్రాస్ బెల్టులు మళ్ళీ తెల్లగా ఒక్క గీత గీయండి. బాయొనెట్ల మీద, అంటే తుపాకీ చివరి కత్తుల మీద, వెండి రంగు, మ్యాట్ వార్నిష్ మెరుపుని చంపేస్తుంది కాబట్టి మెటల్ ఎప్పుడూ చివర్లోనే. తలపాగా పై మడత మీద, భుజం మీద ఒక లేత గీత. అంతే. ఈ మూడూ పడితే మూడడుగుల నించి ఎవరూ ఇది ముంచిన బొమ్మ అని పట్టుకోలేరు.

బేస్ సంగతి త్వరగా చెప్పేస్తాను. ఫెవికాల్, ఇసుక, గోధుమ రంగు, పైన లేత రంగు డ్రై బ్రష్, అంటే దాదాపు పొడి బ్రష్‌తో రుద్దడం, కొంచెం గడ్డి. డిప్‌కి ముందు ఇసుక అంటించొద్దు, వార్నిష్ అంతా ఇసుకే తాగేస్తుంది. ఇంక చందుర్తి చేను కావాలంటే, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం, ఇంగ్లండ్‌లో వార్‌గేమర్లు పంటచేల కోసం కొబ్బరి పీచు డోర్‌మ్యాట్ కొనుక్కుని ముక్కలు కోసుకుంటారు. పీచు నిలబడి ఉంటుంది కదా, అచ్చం చేనే. మనకి అది ఏ వీధిలో అయినా దొరుకుతుంది. ఒక్క డోర్‌మ్యాట్ కోస్తే ఒక బెటాలియన్ దాక్కుంటుంది దాని వెనకాల.

ఆ, ప్రశ్నలు. మీరు అడగండి.

(ప్రశ్న: అన్నా, ఇప్పుడు కాంట్రాస్ట్ పెయింట్స్ వచ్చాయి కదా, ఇంకా ఈ వార్నిష్ గొడవ ఎందుకు?)

మంచి ప్రశ్న తమ్ముడూ. ఇవి ఒక్క పూతలోనే రంగూ నీడా రెండూ వచ్చే రంగులు. గేమ్స్ వర్క్‌షాప్ కాంట్రాస్ట్ 2019లో వచ్చింది, ఆర్మీ పెయింటర్ వాళ్ళ స్పీడ్‌పెయింట్ 2022లో. స్పీడ్‌పెయింట్ మొదటిది ఆరాక కూడా పైన తడి రంగు తగిలితే కరిగి లేచేది, జనం గోల పెట్టారు, 2023లో సరిచేసి 2.0 తెచ్చారు. అవి బాగుంటాయి, నేనూ వాడతాను. కానీ అవి తెల్ల ప్రైమర్ మీద ఒక్కో రంగుకీ ఒక్కో సీసా కావాలి, అంచు దాటితే సరిచెయ్యడం కష్టం, మళ్ళీ తెలుపు వేసి మళ్ళీ ఆ రంగు వెయ్యాలి. డిప్‌కి మీ దగ్గరున్న మామూలు రంగులే చాలు, అన్నిటి మీదా ఒకే గోధుమ పడుతుంది కాబట్టి ఆర్మీ మొత్తం ఒకే ఎండలో నిలబడ్డట్టు ఉంటుంది. పైగా ఆ పెంకు. పిల్లలు ఆడుకునే ఇంట్లో ఆ పెంకు విలువ మీకు తర్వాత తెలుస్తుంది. పది బొమ్మల స్క్వాడ్ అయితే కాంట్రాస్ట్, మూడొందల మంది సిపాయిలైతే డిప్, నేనైతే అలా వెళ్తాను. ట్యాంకులు, రోబోలు, సాదా పలకలున్నవి మాత్రం డిప్ చెయ్యకండి, మడతలు లేని చోట దానికి పనే లేదు, మరకలు తప్ప ఏం రావు. అస్థిపంజరాలు, గొలుసు కవచాలు, బొచ్చు, ఈకలు, వీటికి దాన్ని మించింది లేదు.

(ప్రశ్న: వాసన ఎలా ఉంటుందండీ? మా ఇంట్లో చిన్నపాప ఉంది.)

ఉంటుందమ్మా, ఇంటికి రంగులేసినప్పుడు వచ్చే వాసనే. ఇంట్లో చెయ్యొద్దు, డాబా మీదో బాల్కనీలోనో చెయ్యండి, ఆరడం కూడా అక్కడే, పాపకి అందని చోట. చేతికి గ్లౌజులు, స్ప్రే కొట్టేటప్పుడు మాస్కు. ఇంకో ముఖ్యమైన సంగతి ఎవరూ చెప్పరు. ఈ ఆయిల్ స్టెయిన్, వార్నిష్ తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడెయ్యకండి. ఆరేటప్పుడు ఆ నూనె వేడి పుట్టిస్తుంది, ముద్దగా ఉంటే ఆ వేడి బయటికి పోలేక దానంతటదే అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి తీగ మీద ఆరేసి, గట్టిపడ్డాక పారెయ్యండి. గుడ్డలు ఆరేశారేంటని ఇంట్లో అడిగితే నా పేరు చెప్పండి. (నవ్వులు)

(ప్రశ్న: 3డీ ప్రింటర్‌లో తీసిన రెసిన్ ప్రింట్లకి కూడా ఇదేనా?)

ఇదే. కాకపోతే ప్రింట్ పూర్తిగా కడిగి, క్యూర్ అయ్యుండాలి, అంటే గట్టిపడి ఉండాలి, జిడ్డు మీద ప్రైమర్ నిలవదు, ప్రైమర్ నిలవకపోతే పైన ఎన్ని వేసినా చర్మంలా ఊడొస్తాయి. ప్రింట్ చేసుకునేటప్పుడే మడతలు లోతుగా ఉన్న ఫైల్ ఎంచుకోండి. మరీ సన్నటి డిటైల్ ఉన్న బొమ్మలు స్క్రీన్ మీద బ్రహ్మాండంగా ఉంటాయి కానీ డిప్‌కి కావాల్సింది లోతు. పాతకాలపు మెటల్ బొమ్మలు, పెద్ద ముక్కు, పెద్ద చేతులు, లోతు మడతలు, కొత్తవాళ్ళు వాటిని చూసి నవ్వుతారు గానీ డిప్‌లోంచి తీస్తే అవే అందంగా వస్తాయి.

ఇంక టైం లేదంటున్నారు. బొమ్మలన్నీ ఆ టేబుల్ మీద ఉన్నాయి, తీసి చూసుకోండి, ఎలాగూ పెంకు ఉంది కాబట్టి కింద పడినా పర్లేదు. కుడివైపు చివర పుల్ల మీద మెరుస్తున్నవి ఐదు ఉన్నాయే, అవి మాత్రం ముట్టుకోకండి, పొద్దున్నే పూసి తెచ్చాను.